అయిదు ముద్దల బండ

రామన్న చెక్క సుత్తితో బండ మీద రెండు దెబ్బలు వేసి, చెవి వంచి విన్నాడు. డొల్ల. పక్కది కొట్టాడు. అదీ డొల్లే. తాండూరు బండ కింద సిమెంటు మాలు పరుపులా పరవాలి. ఇక్కడేమో నాలుగు మూలలా నాలుగు, నడుమ ఒకటి, అయిదు ముద్దలు పెట్టి మూసేయమన్నారు. మాదాపూరు గుట్టల మీది డిసెంబరు చలికి ఆ ముద్దలు కూడా ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

సిమెంటు తినేసిన వేళ్ల సందులు చలికి పగిలి మండుతున్నాయి. గొంతుక్కూచుని చేసే పనికి మోకాళ్లు కాయలు కాచాయి. అన్నం ముద్దకి కూడా సిమెంటు వాసనే. ఇరవై ఆరేళ్లలో అతను సంపాదించుకున్నది ఒకటే. రామన్న వేసిన బండ కదిలిందని ఇంతవరకూ ఎవడూ అనలేదు.

సూపర్‌వైజర్ విశ్వేశ్వరరావు మఫ్లరు చుట్టుకుని వచ్చి, కడిగిన బండ మీదే గుట్కా ఉమ్మాడు. మాలు మోస్తున్న రామన్న భార్య పార్వతమ్మ తట్ట దించి, గోనెపట్టాతో ఆ ఎంగిలి తుడిచింది.

"అయిదు ముద్దల మీద బండ నిలుస్తదా సార్? అన్ని తీసి మళ్ల ఏస్త. జర రెండు దినాలు ఆగున్రి," అన్నాడు రామన్న.

"రెండ్రోజులా! పదకొండింటికి బిల్డింగు ఓపెనింగు పూజ పెట్టుకుని? పైకి మెరుస్తోంది కదయ్యా, చాల్లే."

పైన పటారం, లోన లొటారం. రామన్నకి ఆ మనిషి మీద అసహ్యం వేసింది. వేయమనగానే వేసిన తన చేతుల మీద ఇంకా ఎక్కువ వేసింది.

పదిన్నరకి గుమ్మం ముందరి పెద్ద బండ అడుగు పడితే చాలు టకటకమంటోంది. కొబ్బరికాయ కొట్టాల్సింది దాని మీదే. కలుపుదామంటే సిమెంటు లేదు, బస్తాలన్నీ అతిథుల కంట పడకుండా వెనక గోదాములో పెట్టి తాళం వేశారు.

"కింద ఏదో ఒకటి దోపరా!" అన్నాడు విశ్వేశ్వరరావు.

"ఏదైనా సరేనా సార్?"

"కదలకపోతే చాలు," అని అతను గేటులోకి వస్తున్న కార్లకి ఎదురు పరిగెత్తాడు.

రామన్న గడ్డపారతో బండ ఎత్తి, కాలి చెప్పు విప్పాడు.

"ఒద్దయ్యా, దేవుని కాడ," అంది పార్వతమ్మ.

"దేవునికి ఎర్కే తియ్, ఎవడేం జేసిండో."

చెప్పు దోపి బండ దించాడు. తొక్కి చూశాడు. కదల్లేదు. రెండో చెప్పు ముళ్లపొదలోకి విసిరి, సుత్తి తట్టలో పడేశాడు.

"పా. ఇగ బండ ముట్ట."

"మల్ల బతుకుడెట్ల?"

అతను చల్లటి కంకర మీద ఉత్త కాళ్లతో రాయదుర్గం దారి పట్టాడు. ఆమె తట్ట ఎత్తుకుని వెనకే నడిచింది.

పంతులు బండకి పసుపు రాసి బొట్లు పెట్టాడు. సూటు వేసుకున్న పెద్దమనిషి బూట్లు విడిచి, బండకి మొక్కి, కాయ కొట్టాడు. "ఎంత గట్టిగా వేశారండీ!" అన్నాడు మెచ్చుకోలుగా. కొబ్బరినీళ్లు పసుపుతో కలిసి బండ సందులోకి దిగాయి. అక్కడ గోరంత బయటికొచ్చిన అరిగిన నీలం హవాయి చెప్పు అంచు తడుస్తోంది.