ఆనందకుమారి మీద కట్టిన పాట

పొద్దున లేస్తూనే రెబెక్కమ్మ చేసే మొదటి పని హార్మోనియం తుడవడం. కృష్ణపట్నం పక్క ఉప్పుగాలికి లోపలి ఇత్తడి రేకులు చిలుము పడతాయి. చిలుము పడితే శ్రుతి చెడుతుంది. శ్రుతి చెడితే మొగుడికి ఆ రోజంతా అన్నం సయించదు. అందుకని పొయ్యి రాజేయకముందే పాత చీరముక్కతో పెట్టె తుడిచి ఎండ తగిలే చోట పెట్టేది.

ఆమె మొగుడి పేరు సమాధానం, నాటకాల కంపెనీలో హాస్యగాడు. రాజు వేషం మార్చుకునే లోపల జనం లేచిపోకుండా, హార్మోనియం మెడకు తగిలించుకుని తెర ముందుకొచ్చి పాడేవాడు. ముత్తుకూరు నుంచి కోట దాకా ఆయన పాట వినని ఊరు లేదు. పాటల కోసం రేవులోనూ చేపల బజారులోనూ కూర్చుని జనం మాటలు వినేవాడు. కానీ ఊరివాళ్ల కష్టాల మీద కట్టిన పాటకు జనం ఏదో నవ్వినామనిపించేవాళ్లు. తన కష్టం మీద కట్టిన పాటకైతే పొట్టలు పట్టుకుని దొర్లేవాళ్లు. వాళ్లు అట్లా దొర్లినారంటే ఆ కష్టం ఆయన్ని వదిలిపోయేది.

అది అందరికీ తెలిసిందే. పన్నునొప్పి మీద ముత్తుకూరులో పాట పాడినాడు, నొప్పి పోయింది. రెబెక్కమ్మ లవంగాలు తీసి డబ్బాలో వేసేసింది. చిన్నప్పుడు తండ్రి యెహోషువ చింతబరికెతో కొట్టిన వాతలు వీపు నిండా ఉండేవి. ఆ దెబ్బల మీద కోటలో పాడినాడు. మర్నాడు ఆమె వీపు రుద్దుతుంటే ఒక్క వాత కనపడలేదు. దెబ్బలు తిన్న సంగతీ ఆయనకు గుర్తులేదు. పాట మాత్రం ఎవరి కథో అయినట్టు పాడుకునేవాడు. తర్వాత ముసలి తండ్రి చూడవస్తే, కాళ్లకు నీళ్లిచ్చి, మంచం వాల్చి, పక్కన కూర్చుని విసనకర్రతో విసిరినాడు. ముసలాయన కొడుకు మొహంలోకి చూడలేక గోడవైపు తిరిగి పడుకున్నాడు. జ్వరం తగ్గిందంట అన్నట్టే, దెబ్బలు పోయినాయంట అనుకున్నారు ఊళ్లో.

వాళ్లకు లేకలేక పుట్టిన పిల్ల ఆనందకుమారి. తండ్రి పోలికే. పాస్టరు గారి గొంతు పెట్టి కోళ్లకు ప్రసంగం చేసేది. బెల్లం తిని కాకి మీదకు తోసేది. ఏడో ఏట రేవులో ఆడుకుంటుంటే తుప్పు పట్టిన గాలం కాల్లో దిగింది. పసుపు పెట్టి గుడ్డ కట్టినారు. ధనుర్వాతం కమ్మింది. నెల్లూరు ఆసుపత్రికి చేరేసరికి దవడలు బిగుసుకుపోయి, పెదవులు రెండు పక్కలకూ లాక్కుపోయినాయి. అంత బాధతో ప్రాణం పోతుంటే కూడా బిడ్డ మొహం నవ్వుతున్నట్టే ఉండింది.

ఆ మొహం సమాధానాన్ని వదల్లేదు. ఎవరు నవ్వినా వణికిపోయేవాడు. పక్కింటి ఆడవాళ్లు ఏదో అనుకుని నవ్వుకుంటే చెవులు మూసుకుని ఇంట్లోకి పోయేవాడు. తిండి మానేసినాడు. హార్మోనియం మీద దుప్పటి పడింది. అయినా రెబెక్కమ్మ దుప్పటి తీసి తుడిచి మళ్లీ కప్పేది.

ఒకనాడు ఆయన గుండెల్లోతు దాకా సముద్రంలోకి నడిచిపోతుంటే పడవలవాళ్లు పట్టుకొచ్చినారు. కంపెనీలో తబలా వాయించే హజరత్తయ్య ఆ సాయంత్రమే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"పాట కట్టించు వదినా. ఇంకో దారి లేదు."

"కడితే బిడ్డ పోతుంది గదా హజరత్తయ్యా."

"బిడ్డ పోనే పోయింది. అన్నైనా దక్కాల గదా నీకు."

ఆమె లేచి, హార్మోనియం మోసుకొచ్చి మొగుడి ముందు పెట్టింది.

"వద్దు రెబెక్కా," అన్నాడాయన. "నాకు మిగిలింది అదొక్కటే."

"నాకు నువ్వు మిగలాల."

"నీకొక్కదానికే బరువైపోతాది."

"మోస్తాలే. హార్మోనియం మెట్ల మీద చెయ్యి పెట్టు."

ఆయన వేళ్లు మెట్లు నొక్కినాయి గానీ నోట మాట రాలేదు. అప్పుడు ఆమే అందించింది. కోళ్లకు చెప్పిన ప్రసంగం, కానుకల సంచి పట్టినట్టు మూకుడు పట్టుకుని తిరగడం, కాకి మీద చెప్పిన చాడీలు, అన్నీ. 'బెల్లం తిన్నది కాకమ్మంట, మూతికి జిగురు పాపమ్మకంట' అని పల్లవి కుదిరినప్పుడు ఆయన ఏడ్చినాడు. ఆమె ఏడవలేదు. ఏడిస్తే ఆయన ఆపేస్తాడని భయం.

తోటపల్లి గూడూరులో పాడినాడు. రెబెక్కమ్మ ఆడవాళ్ల మధ్యన కూర్చుంది. మొదటి చరణానికే జనం విరగబడి నవ్వినారు. పక్కనున్న ఆమె నవ్వు ఆపుకోలేక రెబెక్కమ్మ భుజం మీద వాలిపోయింది. పెట్రోమాక్సు లైటు వెలుగులో మొగుడి మొహం ఒక్కో చరణానికీ ఒక్కో ముడి విప్పుకోవడం ఆమె కళ్లారా చూసింది. చివరి చరణం పాడేసరికి ఆయనా నవ్వుతున్నాడు.

ఇంటికొచ్చి కడుపునిండా తిని పడుకున్నాడు. పొద్దున దూలం సందులో దోపి ఉన్న పలక తీసి, "ఇదెవరిదిమే?" అన్నాడు.

"పక్కింటోళ్లది," అని ఆమె తీసుకుంది.

ఆయన ఒళ్లు చేసినాడు. కంపెనీ మళ్లీ కళకళలాడింది. పాట ఊరూరా పాకింది. వలలు లాగేవాళ్లు, నాట్లేసేవాళ్లు, బడిపిల్లలు అందరి నోటా అదే. రెబెక్కమ్మ నీళ్లకు పోతే బిందెల దగ్గర కూడా అదే వినపడేది. బిడ్డ ఊసు చెప్పుకోవడానికి మాత్రం ఇంట్లో మనిషి లేడు.

ఒక ఆదివారం ప్రార్థన గుడి నుంచి వస్తూ ఆయన మెల్లగా అడిగినాడు. "ఎందుకు రెబెక్కా ఎప్పుడూ దిగులుగా ఉంటావు? దేవుడు మనకు పిల్లల్ని ఇయ్యలేదనా?"

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఇసుకదిబ్బ పక్కనున్న సమాధుల దొడ్డికి తీసుకుపోయింది. చిన్న గుట్ట, చెక్క సిలువ. ఆయన వంగి పేరు చదివినాడు.

"ఆనందకుమారి. నా పాటలో పిల్ల పేరే." భుజం మీది తువాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "పాపం, ఎవరి బిడ్డో."

మంచి మనిషి. ఊరికే వెనక్కి తిరగలేదు. కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ బిడ్డను కన్నవాళ్లకు నీ ఆదరణ ఇయ్యి," అని ప్రార్థన చేసినాడు.

"ఆమేన్," అంది రెబెక్కమ్మ.

తిరిగొచ్చేటప్పుడు దారిలో ఆగి అంది. "ఏమయ్యా, ఒక మాటియ్యి. నేను పోతే నా మీద పాట కట్టొద్దు."

"నీ మీదా?" ఆయన ప్రేమగా ఆమె తలమీది కొంగు సర్దినాడు. "నీ మీద ఏం కడతాను రెబెక్కా. నీలో నవ్వొచ్చేదేముండాది?"