తొమ్మిదో కమ్మి

ఇంజన్ తిప్పే హ్యాండిలును దేవయ్య చేతికి అందించి, ఇస్తారి రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు. పద్నాలుగు నెలలుగా అతడు ప్రతి ఉదయమూ ఆ రెండడుగులు వెనక్కి వేస్తూనే ఉన్నాడు. అక్కడి నుంచి చూస్తే బావి లోపలి భాగం కనిపించదు. రాతి గట్టు, దాని అవతల క్రమంగా దిగిపోయే దేవయ్య తల, ఆ తలకు చుట్టిన ఎర్ర తువ్వాలు మాత్రమే కనిపిస్తాయి. కాసేపటికి అవీ కనిపించవు.

ఒమాన్ దేశంలో బర్కా తీరానికి రెండు మైళ్ళ దూరంలో ఉన్న ఆ తోటలో నీరు ఏటేటా అడుగుకు పోతూ ఉండడం చేత, డీజిల్ ఇంజన్‌ను బావి లోపలే, నీటికి కాస్త ఎగువన కట్టిన అరుగు మీదికి దించారు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి మనిషి దిగి దాన్ని నడిపించవలసిందే. గోడకు బిగించిన ఇనుప కమ్మీలే నిచ్చెన. అర్బాబ్, అనగా తోట యజమాని, ఈ పనికి రప్పించుకున్నది ఇస్తారిని. దేవయ్యను రప్పించింది చెట్లకు నీళ్ళు కట్టడానికి.

జగిత్యాలలో ఏజెంటు "బావి పని వచ్చునా?" అని అడిగినప్పుడు ఇస్తారి వచ్చునన్నాడు. అతని తండ్రి బావులు తవ్వినవాడు కనుక అది పూర్తిగా అబద్ధమని అనలేము. ఎనిమిదేళ్ళ వయసులో ఆ తండ్రే అతణ్ణి గంపలో కూర్చోబెట్టి బావిలోకి దింపుతుండగా, మోకు గిలకలో చిక్కి గంప మధ్యలో ఆగిపోయింది. పైన ఆకాశం పళ్ళెమంతయింది. తన ఊపిరి గోడలకు తగిలి మరెవరిదో ఊపిరిలా తిరిగి వచ్చింది. పైకి లాగేసరికి లాగు తడిసి ఉంది. గట్టు మీది జనం నవ్వారు. ముప్ఫై ఏళ్ళు గడిచాక ఆ ఆకాశం అతనికి సరిగా గుర్తు లేదు. నవ్విన గొంతులు ఎవరెవరివో మాత్రం ఇప్పటికీ వరుసగా చెప్పగలడు.

తోటకు వచ్చిన మొదటి రోజున, గట్టుకు రెండడుగుల దూరంలోనే అతడు ఆగిపోవడం దేవయ్య చూశాడు. "నువ్వు బువ్వ వండు తమ్మీ. బావి సంగతి నేను చూస్కుంట," అన్నాడు. ఎందుకని ఆనాడు అడగలేదు. ఆ తరువాతా అడగలేదు.

లోపల ఇంజన్ దబదబమంది. పొగకు దగ్గుతూ దేవయ్య పైకి వచ్చాడు.

"తొమ్మిదో కమ్మి ఊగుతున్నది. ముర్తుజా సాబ్‌కు ఎరుక జెయ్యి."

"చెప్త అన్నా."

"నెల సంది చెప్తనే ఉన్నవ్. నేను పడ్డంక చెప్తవా, ఊర్లె నా పెండ్లాం గౌరవ్వకు?" అని దేవయ్య నవ్వాడు.

చెబితే ముర్తుజా "పద, దిగి చూపించు" అంటాడు. ఇస్తారి చెప్పకపోవడానికి అంతకు మించి కారణం లేదు.

తరువాత జరిగేదీ నిత్యకృత్యమే. దేవయ్య చేతుల మసిని ఒక పాత గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను ఇస్తారి తన అరచేతులకూ గోళ్ళ సందులకూ రుద్దుకుంటాడు. దేవయ్య ఇసుకతో చేతులు తోముకుంటాడు. ఆ సమయంలో ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు.

ఏడు గంటలకు ముర్తుజా పికప్ వచ్చింది. హైదరాబాద్ నుంచి వచ్చి, అర్బాబ్ తోటలన్నీ పర్యవేక్షించే మనిషి. ఈ రోజు అతడు తిన్నగా ఉత్తరపు వైపు వెళ్ళి, ఎండిన నిమ్మచెట్ల కొమ్మలు విరిచి చూసి వచ్చాడు.

"ఉప్పునీళ్ళు తగిలినయ్. ఆ దిక్కు అంతా ఖలాస్. ఇగ ఒక్క ఆద్మీ చాలంటుండు అర్బాబ్. ఇంజన్ చూసేటోడు ఉంటడు, ఇంకోడు వాపస్. మధ్యాహ్నం వస్త, సామాన్ కట్టుకోండ్రి." ఆగి, అలవాటుగా అడిగాడు: "ఇంజన్ నువ్వే కదా ఇస్తారీ?"

అతని చూపు ఇస్తారి నల్లని అరచేతుల మీద పడింది. దేవయ్య శుభ్రమైన చేతులతో పొయ్యి మీది చాయ్ దించుతున్నాడు.

"దేవన్న దిగుతడు సాబ్." ఆ మూడు మాటలూ ఇస్తారి నాలుక మీదికి వచ్చాయి. వాటి వెనుకనే ఊరూ, గట్టూ, ఆ నవ్వూ వచ్చాయి.

"నేనే సాబ్," అన్నాడు.

దేవయ్య గ్లాసు ముర్తుజాకు అందించాడు. "ఇంజన్ గింజన్ నాకేం ఎరుక సాబ్. నేను నీళ్ళు కట్టేటోణ్ణి. చాయ్ తాగుండ్రి."

మధ్యాహ్నం దాకా ఇస్తారి ఆ నల్లని చేతులు కడుక్కోలేదు. కడుక్కోవడానికి ఎందుకో సిగ్గు వేసింది. అన్నం వండాడు, ఎదురుగా కూర్చుని తినలేకపోయాడు. దేవయ్య తన రేకు పెట్టె కట్టుకుని, "ఆఖరుసారి బంద్ చేసొస్త," అంటూ బావి దగ్గరికి వెళ్ళాడు. మామూలు కంటే ఆలస్యంగా పైకి వచ్చాడు. తల మీద తువ్వాలు లేదు. ఇస్తారి అది గమనించాడు గాని, అడిగే ముఖం లేకపోయింది.

పికప్ హారన్ మోగింది.

"నీ పెండ్లాం ముత్తవ్వకు ఏమన్న చెప్పాల్నా?"

"మంచిగున్న అని చెప్పు అన్నా."

"ఇంజన్ డ్రైవరైనవని చెప్త," అన్నాడు దేవయ్య. అందులో ఎకసెక్కెం ఉందో లేదో ఇస్తారికి తెలియలేదు. "చూసుకొని దిగు తమ్మీ."

దుమ్ము అణిగాక తోటలో ఒక్క మనిషి మిగిలాడు.

సాయంత్రపు తడికి వేళయింది. నీరు అందకపోతే రేపు ముర్తుజా అడుగుతాడు. ఇస్తారి హ్యాండిలును మొలకు కట్టుకుని, చెప్పులు విడిచి, ఆ రెండడుగులూ ముందుకు వేశాడు. గట్టు పట్టుకుని గోడ వైపు తిరిగి, మొదటి కమ్మి మీద పాదం మోపి కళ్ళు మూసుకున్నాడు. చూసుకొని దిగమన్న మాట గుర్తుంది, కళ్ళు తెరుచుకోలేదు. లెక్కపెడదామనుకున్నాడు, అయిదు దగ్గర లెక్క తప్పింది. ఊపిరి గోడలకు తగిలి తిరిగి వస్తున్నది. మరో కమ్మి. మరొకటి. కిందికి చాచిన పాదానికి ఇనుము తగలలేదు.

మెత్తగా ఏదో తగిలింది. ఇస్తారి పాదం చటుక్కున వెనక్కి తీసుకుని, గోడకు నుదురు ఆనించి, చాలాసేపటికి కళ్ళు తెరిచి కిందికి చూశాడు.

తొమ్మిదో కమ్మికి ఎర్ర తువ్వాలు కట్టి ఉంది; మడత మీద మడత వేసి, రెండు ముళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని దిగేవాడి పాదానికి సైతం తెలిసేంత లావుగా.