పదో దినం

కారు బానెట్టు మీద కర్పూరం వెలిగించే ప్రతిసారీ మద్దయ్యకు అదే సందేహం కలుగుతుంది. తాను చేతులు జోడించేది దేవునికా, ఇంజనుకా? పదహారేళ్లుగా ఆ సందేహం తీరలేదు. ఎవరినైనా అడిగితే నవ్వుతారని భయం. అడగకుండా ఉంటే దేవుడు ఏమనుకుంటాడో అని ఇంకో భయం. చివరికి తనకు తోచిన పద్ధతి ఒకటి పెట్టుకున్నాడు. ముందు తూర్పుకు తిరిగి ఒక దండం, తర్వాత బానెట్టుకు ఒక దండం. ఎవరికి చెందింది వాళ్లు తీసుకుంటారు.

ఈ రోజు మూడో దండం కూడా పెట్టాడు. ఎటు తిరిగి పెట్టాలో తెలియక కళ్లు మూసుకొని, షెడ్డు వెనక కట్టేసి ఉన్న కుక్కను తలుచుకొని పెట్టాడు. కుక్క బతకాలని దేవుణ్ణి అడగడం తప్పో ఒప్పో ఆయనకు తెలియదు. అడిగింది కుక్క కోసమా, తన కోసమా అన్నది కూడా స్పష్టంగా తెలియదు.

మద్దయ్యకు యాభై రెండేళ్లు. సన్నగా, పొడవుగా ఉంటాడు. స్టీరింగు మీదికి వంగి వంగి భుజాలు ముందుకు వచ్చేశాయి. ఖాకీ చొక్కా మెడ దగ్గర భార్య బసమ్మ తెల్లదారంతో వేసిన కుట్లు దూరానికి కూడా కనిపిస్తాయి. కుడి పిక్కకు పసుపు అంటిన గుడ్డ కట్టు ఉంది. ఓబుళరెడ్డి దగ్గర కారు డ్రైవరు. జమ్మలమడుగులో ఆ రెడ్డి శనక్కాయల మిల్లు వెనక, కారు షెడ్డును ఆనుకొని ఉన్న ఒంటిగది ఆయన ఇల్లు. పిల్లలు లేరు. ఆయన, బసమ్మ, నాలుగేళ్లుగా బూరగాడు.

బూరగాడు ఎర్రమట్టి రంగు ఊరకుక్క. ఎడమ చెవి కొస ఎప్పుడో తెగిపోయింది. కారు బూర రెండుసార్లు మోగితే ఏ వీధిలో ఉన్నా పరుగెత్తుకొచ్చేది. అందుకే ఆ పేరు.

పది రోజుల కిందట మిట్టమధ్యాహ్నం అది ఎండకు తాళలేక కారు కింద పడుకుంది. రెడ్డి తొందరపెడుతున్నాడు. మద్దయ్య దాని వెనక కాలు పట్టుకొని లాగాడు. అది గిర్రున తిరిగి పిక్క పట్టింది. పట్టిన మరుక్షణమే వదిలేసి, చెవులు వెనక్కి వాల్చి, పొట్ట నేలకు ఆనించి పడుకుంది. మామూలు రోజుల్లో అయితే నలుగురూ నవ్వి ఊరుకునేవాళ్లు. కానీ ఆ వారమే పక్క వీధిలో పిచ్చికుక్క కరిచిన దూడ ఒకటి నురగలు కక్కి చచ్చింది. ఆ పిచ్చికుక్క ఇంకా వేటిని కరిచిందో ఎవరికీ తెలియదు.

మిషను ఆసుపత్రిలో నర్సు రాహేలమ్మ పుండు కడిగి మరీ మరీ చెప్పింది. "కుక్కను ఎవరినీ సంపనీయొద్దు నాయనా. కట్టేసి పది దినాలు చూడు. తింటా, నీళ్లు తాగతా ఉంటే నీకేం భయం లేదు. తిండి మాని, దవడ ఏలాడేసి సచ్చిందంటే ఆ పొద్దే పరుగెత్తుకొని రా. కనపడకుండా పోయినా రావాల్సిందే. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. పద్నాలుగు దినాలు మంచం మిందే అనుకో."

పద్నాలుగు రోజులు కారు నడపకపోతే రెడ్డి వేరే మనిషిని పెట్టుకుంటాడు. పెట్టుకున్న మనిషిని మళ్లీ తీసేయడు. అది మద్దయ్యకు తెలుసు. సూదులకు భయపడ్డాడు, పనికి భయపడ్డాడు, అన్నిటికంటే ఎక్కువగా తన గొంతుకు భయపడ్డాడు. పిచ్చికుక్క విషం ఎక్కినవాళ్లకు నీళ్లు దిగవంటారు. రాత్రిళ్లు లేచి చెంబెడు నీళ్లు తాగి, మింగుడు పడిందని నమ్మకం కుదిరాక పడుకునేవాడు.

బసమ్మ తన వంతుగా ఏడు బావుల్లోకి తొంగి చూసి రమ్మంది. కుక్క కరిస్తే వాళ్ల ఊళ్లో అందరూ చేసే పనే. కానీ ఆ ఎండల్లో ఊరు మొత్తం మీద నీళ్లున్న బావులు అయిదే. మిగతా రెండింటిలో అడుగున రాళ్లే కనిపించాయి. నీళ్లు లేని బావి లెక్కకు వస్తుందా రాదా అని ఇద్దరూ రెండు రోజులు వాదించుకున్నారు. ఆఖరుకు నీళ్లున్నవాటిలోనే రెండింటిని మళ్లీ చూసి వచ్చాడు.

వీధివాళ్లు కట్టెలు పట్టుకొని రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ కుక్కను గదిలో పెట్టి మద్దయ్య గడపలో కూర్చున్నాడు. ఇంక ఈ ఒక్క పగలు గడిస్తే చాలు.

"తాగిందా?" అని అడిగాడు బసమ్మను.

"తాగింది. నా కండ్లారా జూసినా. నువ్వు పోయి రా."

"ఎవరొచ్చినా పలుపు ఇప్పొద్దు. ఈ ఒక్క పొద్దే."

"పది దినాల నుంచి ఇదే మాట చెప్తాండావు. నేనేమన్నా చిన్నపిల్లనా?"

బూరగాడు ముందుకాళ్ల మీద తల పెట్టుకొని ఆయన్నే చూస్తూ ఉంది. దవడ బిగువుగానే ఉంది. మద్దయ్య వంగి ఆ దవడను బాగా చూసి, లేచి, కారు బయటికి తీశాడు.

నెలకొకసారి కడప పోయి హోటల్లో భోంచేసి రావడం ఓబుళరెడ్డి సరదా. ఇంట్లో ఎన్ని రకాలు వండినా, నలభై అయిదు మైళ్లు పోయి పరాయివాళ్ల చేతి సాంబారు తింటేనే ఆయనకు తృప్తి. ఆ రోజు భార్య కృష్ణవేణమ్మ కూడా వచ్చింది. ఆమె వెనక సీటులో రెడ్డి పక్కన కాకుండా, డ్రైవరుకు వీలైనంత దూరంగా మూలకు జరిగి కూర్చుంది.

పెన్నలో నీళ్లు లేవు. ఇసుక మీద నుంచి వేడిగాలి కారులోకి కొడుతూ ఉంది. ముద్దనూరు దాటారు.

"మా పుట్టింటి పక్కన ఒకాయప్పను ఇట్లనే కరిసిందంట" అంది కృష్ణవేణమ్మ మెల్లగా. "బాగానే ఉండాడంట మూడు నెలలు. ఒగనాడు సేద్యం చేస్తా చేస్తా..."

"ఊరుకో" అన్నాడు రెడ్డి.

"నేనేమంటి? ఆ చేతులు సూడండి, వణుకుతాండాయేమో."

మద్దయ్య తన చేతుల వైపు చూసుకున్నాడు. స్టీరింగు ఎప్పుడూ అదిరేదే. ఈ రోజు మాత్రం ఆ అదురు చక్రానిదా, తన వేళ్లదా అని తేల్చుకోలేకపోయాడు. పట్టు బిగించాడు. అదురు తగ్గలేదు.

"ఈ పొద్దు ఎన్నో దినం మద్దయ్యా?" అని అడిగాడు రెడ్డి.

"పదో దినమయ్యా."

"పదే గదా. నేనూ అట్లనే లెక్కేసినా."

రెడ్డి తన రోజులను లెక్కపెడుతున్నాడన్న మాట మద్దయ్యకు ఎంతో ధైర్యం ఇచ్చింది. ఎర్రగుంట్ల దాకా కారు తేలికగా పోయినట్టు అనిపించింది.

కడపలో హోటలు ముందు కారు ఆగగానే ఆయన ఎప్పటిలాగే సంగటి మూట తీసుకొని వెనక చింతచెట్టు కిందికి పోబోయాడు. రెడ్డి పిలిచాడు.

"యాడికి? లోపలికి రా. ఈ పొద్దు మాతోనే కూచో."

పదహారేళ్లలో ఆ మాట వినలేదు. మద్దయ్య కాళ్లు తుడుచుకొని, మూట చంకలో దాచుకొని, బల్లకు ఒక కొసన కూర్చున్నాడు. నేతిగిన్నె పట్టుకొచ్చిన వడ్డించే మనిషి ఆయన్ను గుర్తుపట్టాడు.

"ఏమప్పా డ్రైవరూ, చెట్టు కింద నుంచి పీటకెక్కితివే! కొత్త రాజధాని కర్నూల్లో సర్కారు కచేరీలే గుడారాల్లో ఉండాయంట. ఈడ నీకు మాత్రం దర్బారు."

"ఈయప్పకు బాగా వడ్డించు. అన్నం రొంత మెత్తగా ఉండేది చూడు" అన్నాడు రెడ్డి నవ్వకుండా.

ఆకు పక్కన గ్లాసు నిండా నీళ్లు పెట్టారు. మద్దయ్య ఆ నీళ్ల వైపు చూశాడు. కృష్ణవేణమ్మ కూడా ఆ నీళ్ల వైపే చూస్తూ ఉంది. కలిపిన ముద్ద ఆమె చేతిలోనే ఆగిపోయింది. తాగకపోతే అనుమానం. తాగబోయి పొరబోతే అంతకంటే అనుమానం. ఆయన గ్లాసు ఎత్తాడు. గొంతు దగ్గర ఏదో బిగుసుకున్నట్టయింది. మనసులో దేవుణ్ణి తలుచుకొని ఒక్క గుటక వేశాడు. నీళ్లు చల్లగా దిగాయి. ఇంకో గుటక వేశాడు. గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు. కృష్ణవేణమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది.

రెడ్డి ఇదంతా చూశాడు. పెరుగన్నం దగ్గరికి వచ్చాక, తల ఎత్తకుండానే అన్నాడు.

"ఆ పొద్దు పెన్న పారినప్పుడు నువ్వు మావాణ్ణి భుజం మిందికి ఎత్తుకోకపోయింటే ఏమయ్యుండును? ఆరేండ్లాయ. నీకు ఏమన్నా చెయ్యాల, చెయ్యాల అనుకుంటానే ఉండా."

"అదేం మాటయ్యా. పిల్లోణ్ణి నీళ్లలో ఇడిసిపెడతారా ఎవరన్నా?"

"అది నీ మాట. నా మీద బాకీ బాకీనే."

ఈ విస్తరే ఆ బాకీ కాబోలనుకున్నాడు మద్దయ్య. చాలు అనిపించింది. కడుపు నిండా తిన్నాడు. ఈ పది రోజుల్లో సరిగ్గా తిన్న తిండి అదే.

తిరుగు ప్రయాణంలో రెడ్డికి తొందర లేదు. కమలాపురంలో ఎవరినో చూడాలని అరగంట ఆపించాడు. ఎర్రగుంట్లలో కాఫీ తాగుదామన్నాడు. తాగాక కూడా బెంచీ మీదే కూర్చొని గడియారం చూసుకున్నాడు. మద్దయ్య కారు చుట్టూ తిరిగాడు. చక్రాలు తన్ని చూశాడు. చల్లగా ఉన్న రేడియేటరులోనే మళ్లీ నీళ్లు పోశాడు.

"పోదామా అయ్యా? పొద్దు గూకుతాది."

"గూకనీలేప్పా. ఇంట్లో నీకేం పని ఉండాది?"

కుక్క ఉందని చెప్పడానికి నోరు రాలేదు. చెప్పి ఉంటే ఏమయ్యేదో. నాలుగున్నరకు బయలుదేరారు. ముద్దనూరు ఎక్కుడులో ఇంజను ఆవిరి కక్కింది. మూత తీసి నీళ్లు పోసి, అది చల్లబడేదాకా తువ్వాలతో విసురుతూ నిలబడ్డాడు. బసమ్మ ఈపాటికి సాయంత్రం నీళ్లు పెట్టి ఉంటుంది. బూరగాడు తాగి ఉంటుంది. రేపు పొద్దున పలుపు విప్పి, రాహేలమ్మకు చూపించి వద్దామనుకున్నాడు. చూపిస్తే ఆమె నవ్వుతుందేమో. నవ్వినా సరే.

పెన్న దాటేసరికి పొద్దు కొండల మీదికి వాలింది. మిల్లు మలుపులో బూర రెండుసార్లు మోగించాడు. కట్టేసి ఉన్నా, ఈ పది రోజులూ ఆ మోతకు షెడ్డు వెనక నుంచి అరుపు వినిపించేది.

ఏమీ వినిపించలేదు. మళ్లీ మోగించాడు.

మిల్లు కావలి దాసన్న గేటు తెరిచాడు. అప్పుడే కాళ్లూ చేతులూ కడుక్కున్నట్టున్నాడు, పంచె అంచు తడిగా ఉంది. మద్దయ్య వైపు చూడకుండా రెడ్డితో చెప్పాడు.

"అయిపోయిందయ్యా. మీరు చెప్పినట్టే, నాలుగ్గంటలకు. ఏటి ఇసకలో పూడ్చి వచ్చినా."

కృష్ణవేణమ్మ గట్టిగా ఊపిరి వదిలి దిగి మిల్లు పక్కనే ఉన్న పెద్దింట్లోకి పోయింది. ఓబుళరెడ్డి ముందు తలుపు దగ్గరికి వచ్చి, లోపలికి చెయ్యి పెట్టి, మద్దయ్య భుజం మీద వేశాడు. పదహారేళ్లలో ఆ చెయ్యి ఆ భుజం మీద పడడం అదే మొదటిసారి.

"ఇంక నీకేం కాదు పో. పదో దినం పొద్దు గూకకముందే కరిసిన కుక్కను తీసేస్తే, మనిషిలో ఇసం దాంతోనే పోతాదని మా అవ్వ చెప్పేది. పదో దినం దాటితే బ్రహ్మదేవుడొచ్చినా కాదంట. నువ్వు పది పది అని లెక్కపెడతాంటే నీకూ తెలుసేమో, పెంచుకున్న జీవమని చేతులు రాక ఉండావేమో అనుకున్నా. నీ కంటి ముందర వద్దని ఇంతసేపు తిప్పినా. బసమ్మను కూడా విత్తనం ఒలవను పెద్దింటికి పిలిపించినా." ఆ భుజాన్ని గట్టిగా నొక్కాడు. "మావాణ్ణి నువ్వు ఇచ్చినావు. నిన్ను నీ ఇంటిదానికి నేను ఇచ్చినా. ఈ పొద్దుటికి తీరింది మద్దయ్యా."

రెడ్డి కళ్లలో నీళ్లు నిజంగానే ఉన్నాయి. మద్దయ్య స్టీరింగు మీది నుంచి చేతులు తీయలేదు. ఇంజను ఆగిపోయింది. ఇప్పుడు అదురుతున్నవి చేతులే.

"మంచిదయ్యా" అన్నాడు.

రెడ్డి లోపలికి పోయాక దిగి దాసన్న దగ్గరికి వచ్చాడు.

"నీళ్లు తాగిందా?"

"నేను సూడల్యాప్పా."

"దవడ ఎట్లుండె? ఏలాడేసిందా?"

"సీకటి పడక ముందే కానియ్యమనిరి. దవడ యాడ సూసేది? పలుపు ఇప్పితే నా ఎనకాలే వచ్చింది. నిన్ను సూడను పోతాండామని అనుకున్నట్టుండాది." దాసన్న తల దించుకున్నాడు. "నాకు ఇష్టం ల్యాకపోయె మద్దన్నా."

బసమ్మ షెడ్డు గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. ఏడ్చి ఏడ్చి ఆగిపోయిన ముఖం. ఆయన్ను చూసి లేవలేదు.

"పిలిస్తే పోతి. ఇదో వస్తా, అనుకొని పోతి" అంది.

ఊరి ఆ కొసన ఆసుపత్రిలో దీపాలు పెట్టే వేళ అయింది. కుక్క లేకుండా పోతే ఆ పొద్దే రావాలని చెప్పింది రాహేలమ్మ. మద్దయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకొని, షెడ్డు వెనక నుంచి పోయే దారి పట్టాడు.

గుంజ దగ్గర ఆగాడు. దాని మొదట్లో, బసమ్మ పెద్దింటికి పోతూ పోతూ పెట్టి పోయిన రాగి సంగటి ముద్ద మోదుగాకులో ఉంది. ఒక పక్క నుంచి సగం దాకా తినేసి ఉంది. మిగిలిన సగం మీద పళ్ల గాట్లు వరసగా, లోతుగా, ఇంకా చెదరకుండా ఉన్నాయి.