రేఖల్లేని బొటనవేలు

సంచి సర్దేముందు దేవకుమారి చేతులకి కొబ్బరినూనె రాసుకుని, శనగపిండితో రెండుసార్లు రుద్ది కడిగింది. అయినా నమ్మకం చాలక, కూతురి బట్టల్ని పాత తువ్వాలుతో పట్టుకుని పెట్టింది. పదహారేళ్లుగా కోల్డ్‌స్టోరేజీ షెడ్డులో మిరపకాయల తొడిమలు తీసిన చేతులవి. జెస్సీ పసిదిగా ఉన్నప్పుడు కూడా కళ్లు మండుతాయని మొహం తడిమేది కాదు. "కన్నదానికన్నా నా దగ్గరే మాలిమి" అని అత్త ఊరంతా చెప్పుకునేది.

కాగితాలు మూడోసారి చూసుకుంది. గుంటూరు నర్సింగ్ కాలేజీలో సీటు. స్కాలర్‌షిప్ వస్తుంది గానీ ఏడాది ఆఖరికి వస్తుంది. ఫీజు మాత్రం ఇవాళే కట్టాలి, లేకపోతే సీటు పోతుంది. పేటలో బ్యాంకు మేనేజరు లోను ఇస్తానన్నాడు, ఇంటిపెద్ద సంతకం తెమ్మన్నాడు.

ఇంటిపెద్ద సంజీవరావు మంచం మీద బీడీ కాలుస్తున్నాడు.

"ఆడపిల్ల చదువుకి నేను కట్టుబడాలా? నువ్వే వెళ్లి వేలిముద్ర వేసుకో. వేసినదానివి మళ్లీ ఈ గడప తొక్కొద్దు."

దేవకుమారి కూలిని షెడ్డు మేస్త్రీ ప్రతి శనివారం ఆయన చేతికే ఇచ్చేవాడు. మొగుడుండగా ఆడదాని చేతిలో పెడితే మర్యాద కాదట.

దేవకుమారి సంచి అడుగున తన చీరలు రెండు పెట్టింది.

"అవెందుకమ్మా?"

"వానొస్తే కప్పుకోడానికిలే. పద, బస్సు పోద్ది."

బ్యాంకులో మేనేజరు తలెత్తి చూశాడు. "తండ్రి రాలేదా?"

"కన్నది నేనండి."

ఆయన నవ్వి ఇంకు పెట్టె ముందుకు తోశాడు. బొటనవేలు నొక్కితే కాగితం మీద నల్లటి మచ్చ పడింది. "ఏమ్మా, ఒక్క రేఖా లేదే?"

"కారం తినేసిందండి. సంతకం పెడతాను."

జెస్సీ నోరు తెరిచింది. మిరప బస్తాల మీద రాసిన రైతుల పేర్లు చూసి చూసి, ఎవరూ నేర్పకుండానే అమ్మ అక్షరాలు పట్టిందని ఇంట్లో ఎవరికీ తెలీదు. ఎవరూ అడగలేదు. బస్తా మీద అక్షరాలంత లావుగా, గడి దాటిపోయేలా రాసింది: దేవకుమారి.

"మరి నెలనెలా వడ్డీ?"

"నేనే కడతానండి. సీటు కాగితానికి వెళ్లినరోజే కాలేజీ హాస్టల్ వంటింట్లో పని అడిగొచ్చాను. జీతం నా చేతికే ఇస్తారంట."

జెస్సీ సంచి వైపు చూసింది, తర్వాత అమ్మ వైపు. మేనేజరు ఇంటిపెద్ద అన్న చోట దేవకుమారి పేరు రాసి, ఫీజుకి డీడీ చేతిలో పెట్టాడు.

క్రిస్మస్ నాటికి చేతుల్లో మంట చల్లారింది. ఒక పొద్దున, తెల్ల యూనిఫాం వేసుకుని డ్యూటీకి పోతున్న జెస్సీని ఆపి, రెండు చేతుల్తో ఆ మొహం తడిమింది, నుదురు, కళ్లు, బుగ్గలు.

"టైమైపోతోందమ్మా, వదులు" అంది జెస్సీ, కదలకుండా.

సంజీవరావు మాటల్లో ఆమె తు.చ. తప్పకుండా విన్నది, గడప తొక్కొద్దన్న ఆ ఒక్కటే. జెస్సీ సెలవులకి వెళ్లొచ్చేది. దేవకుమారి మాత్రం 2004 ఆగస్టు తొమ్మిది, సోమవారం బయల్దేరింది. ఆ ఇంటికి మళ్లీ రాలేదు.