రాతిబల్ల మీద పులిహోర

అమెరికాలోని సేలం వెళ్దామని కూతురు వర్ష అన్న రోజు నుంచీ రజినికి కంటి మీద కునుకు లేదు. వర్షది ఎనిమిదో తరగతి. మూడు వందల ఏళ్ళ కిందట మంత్రగత్తెలని ముద్ర వేసి ఉరితీసిన మనుషులను ఆ ఊరు ఇప్పుడు ఎలా గుర్తుపెట్టుకుందో చూసి వీడియో తీసుకురావాలి. స్కూల్ ప్రాజెక్టు. అంతవరకు బాగానే ఉంది. “అమ్మమ్మ కూడా రావాలి మమ్మీ, వీడియోలో అమ్మమ్మతో మాట్లాడిస్తా” అంది ఆ పిల్ల. వచ్చిన చిక్కల్లా అక్కడే వచ్చింది.

రజిని తల్లి నాగమణివి కట్టుడు పళ్ళు. పయోరియా వచ్చి పళ్ళన్నీ ఊడిపోయాయని రజిని పెళ్ళిమాటలప్పుడే అత్తవారితో చెప్పింది. గుంటూరు వాళ్ళు నమ్మారు. భర్త అమర్‌నాథ్ ఇవాళ్టికీ నమ్ముతున్నాడు. పాపం, అత్తగారు అమెరికాలో తాముండే పార్సిప్పనీ వచ్చినప్పుడల్లా మెత్తటి బ్రెడ్ వెతికి మరీ తెస్తాడు.

అసలు సంగతి వేరు. మెదక్ దగ్గర ఒక పల్లెలో, నాగమణి బాణామతి, అంటే చేతబడి, చేస్తోందని ఊరు ఊరంతా కూడి, ఆమెను గుంజకు కట్టి పటకారుతో పళ్ళు పీకింది. పళ్ళు లేకపోతే మంత్రం పలకదని ఆ మహానుభావుల నమ్మకం. అప్పటికి రజినికి నాలుగేళ్ళు. తండ్రి భార్యాబిడ్డలను వెంటబెట్టుకుని హైదరాబాదుకు వచ్చేశాడు, మళ్ళీ ఆ ఊరి మొహం చూడలేదు. పెద్దయ్యాక మేనత్త చెబితే తప్ప రజినికి ఇదంతా తెలియదు. తెలిసిన నాటి నుంచీ దాన్ని దాచడమే ఆమెకు పనైపోయింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. పార్సిప్పనీలో తెలుగువాళ్ళుండే అపార్ట్‌మెంట్లలోనైతే పెదవి దాకా రావడం కూడా అక్కర్లేదు. మంత్రగత్తె కూతురు అనే మాట అమర్‌నాథ్ చెవిన పడితే, వర్ష చెవిన పడితే ఎలాగన్నదే రజిని భయం.

కార్ ఎక్కేముందు తల్లిని పక్కకు పిలిచింది. “అమ్మా, పిల్ల ఏమన్న అడిగితే తెల్వదను. నీ సంగతి మాత్రం తియ్యకు.”

“నేనెందుకు తీస్త బిడ్డా” అంది నాగమణి. ఆ మాటతో రజిని మనసు కుదుటపడాలి. పడలేదు. అమర్‌నాథ్‌కి ఆఫీస్ పని పడి రాకపోవడం ఒక్కటే ఆమెకు దొరికిన ఊరట.

తీరా వెళితే ఆ ఊరు తిరునాళ్ళలా ఉంది. పోలీసు కార్ల మీద చీపురెక్కి ఎగిరే మంత్రగత్తె బొమ్మ. కొట్ల నిండా కోసుగా ఉండే మంత్రగత్తె టోపీలు. ఒక మ్యూజియంలో మైనపు బొమ్మల మీద ఎర్రలైట్లు వేసి, కేకలు వినిపించి, బయటికి వచ్చే దారిలో కీచైన్లు అమ్ముతున్నారు. చచ్చినవాళ్ళ పేరు చెప్పుకుని ఇంతమంది బతుకుతున్నారా అని రజినికి ఒళ్ళు మండింది. అంతలో నాగమణి ఒక కొట్టు అద్దం ముందు ఆగిపోయింది. లోపల ముసలి మంత్రగత్తె బొమ్మ బోసినోటితో నవ్వుతోంది.

“దీనికి పండ్లెందుకు లెవ్వే?” అని అడిగింది మనవరాలిని.

“విచ్ అంటే అంతే అమ్మమ్మా. అగ్లీగా ఉండాలి కదా” అంది వర్ష.

రజిని తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, ఆకలవుతోందని ఇద్దరినీ అక్కణ్ణించి లాక్కుపోయింది.

పాత శ్మశానం పక్కన చెట్ల కింద ఒక చిన్న ఆవరణ కనిపించింది. చుట్టూ రాళ్ళు పేర్చిన గోడ, గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన రాతిబల్లలు. నీడగా, నిశ్శబ్దంగా ఉంది. ఇంతకన్నా మంచి చోటు దొరకదనుకుని రజిని ఒక బల్ల మీద పేపరు పరిచి పులిహోర డబ్బా తెరిచింది. ఎక్కడికి వెళ్ళినా మనవాళ్ళకు డబ్బా తెరిచే చోటే ముందు కనిపిస్తుంది. నాగమణి రెండు ముద్దలు తిందో లేదో, కుక్కను తిప్పుకుంటూ వచ్చిన ఒక పెద్దావిడ ఆగి, వర్షతో మెల్లగా ఏదో చెప్పి వెళ్ళింది. వర్ష మొహం ఎర్రబడింది.

“మమ్మీ, ఇది బెంచ్ కాదు. మెమోరియల్. ఒక్కో రాయి ఒక్కో మనిషిది. మనం కూర్చున్నది సారా గుడ్ అనే ఆమెది. ఉరితీశారు.”

నాగమణి గభాలున లేచింది. పేపరు తీసి చూస్తే నిజంగానే పేరుంది, తేదీ ఉంది. “అయ్యో, అయ్యో” అంటూ రాతి మీద పడ్డ మెతుకులు ఏరింది. పసుపు మరకను నీళ్ళు పోసి కొంగుతో తుడిచింది. తుడుస్తూనే అడిగింది, “ఈమె నిజంగ చేసిందా?”

“నో అమ్మమ్మా. ఎవరూ ఏమీ చెయ్యలేదు. తర్వాత గవర్నమెంట్ కూడా తప్పు అని ఒప్పుకుంది.”

“సర్కారు తప్పయిందన్నదా? అని, పేరు గిట్ల రాతిల చెక్కిండ్రా?”

“అవును.”

నాగమణి ఆ పేరు మీద చెయ్యి పెట్టింది. వర్ష పుస్తకం తీసి చదివిన సంగతి చెబుతూ పోయింది. సారాకు డొరొతీ అని నాలుగైదేళ్ళ కూతురుంది. జడ్జీలు అడిగితే మా అమ్మ విచ్ అని ఆ పాపే చెప్పింది. పాపను కూడా నెలల తరబడి జైల్లో గొలుసులతో కట్టేశారు. తర్వాత వదిలేశారు గాని, ఆ పిల్లకు మళ్ళీ మతి కుదురుకోలేదు.

“మతి పోయిందా?” అంది నాగమణి. “తల్లి పోయినంక ఆ పిల్లను ఎవ్వలన్న దగ్గరికి తీసిండ్రా?”

“అది బుక్‌లో లేదు అమ్మమ్మా.”

నాగమణి గడ్డి మీద చతికిలబడింది. “కెమెరా పెట్టు బిడ్డా, నేను చెప్త” అంది.

“అమ్మా!” అంది రజిని.

“పేర్లు చెక్కిండ్రు గదనే, నేనెందుకు దాసుకోవాలె?”

నాగమణి దాపరికం లేకుండా అంతా చెప్పింది. ఊరిపెద్ద పటేల్ కొడుకు జ్వరమొచ్చి చచ్చిపోవడం, పంచాయితీ పెట్టడం, గుంజకు కట్టడం, పటకారు. కొంగు అడ్డం పెట్టుకుని కట్టుడు పళ్ళు తీసి, కొంగు దించి, ఖాళీ చిగుళ్ళు చూపించింది. ఇక అయిపోయింది, నా బతుకు బజారున పడింది అనుకుంది రజిని. వర్ష అసహ్యించుకోలేదు. కెమెరా పక్కన పెట్టి, ఏడుస్తూ అమ్మమ్మ మెడ చుట్టూ చేతులు వేసింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని మళ్ళీ కెమెరా అందుకుంది.

“అమ్మమ్మా, నీ మీద అలా ఎవరు చెప్పారు?”

నాగమణి పళ్ళు పెట్టుకుంది. “యాదికి లేదు బిడ్డా.”

వర్ష ఆవరణ గడప రాళ్ళ మీద చెక్కిన, ఉరికి వెళ్ళినవాళ్ళ మాటలను వీడియో తీయడానికి అటు వెళ్ళగానే రజిని తల్లి పక్కన కూలబడింది. ఇన్నేళ్ళుగా భయమే అనుకున్నది ఇప్పుడు కోపమైంది.

“యాదికి లేదా? ఊళ్ళె ఎవరి బర్రె ఎప్పుడు ఈనిందో చెప్తవు, ఇది యాదికి లేదా? ఎవరు చెప్పిండ్రు? పక్కింటోళ్ళా?”

“ఇడువు బిడ్డా.”

“ఇడువను. ఇన్నేండ్లు పయోరియా, పయోరియా అని అబద్ధాలాడుకుంట బతికిన. చెప్పినోళ్ళ పేరన్న తెల్వాలె నాకు. తిట్టుకుంటనన్న తిట్టుకుంట.”

“గందుకే చెప్తలేను” అంది నాగమణి. రజిని తల్లి చెయ్యి పట్టుకుని వదలలేదు. నాగమణి గడ్డి వైపు చూస్తూ చివరికి చెప్పింది.

“పటేల్ నిన్ను ఒళ్ళె కూసోబెట్టుకున్నడు. బెల్లం ముక్క చేతిల పెట్టిండు. మీయమ్మ రాత్రిపూట ఇంట్ల ఉంటదా, బైటికి పోతదా అని అడిగిండు. చెర్వు దిక్కు పోతది అన్నవు. గంతే నువ్వన్నది. నిజమే అన్నవు. వాళ్ళే దాన్ని బాణామతికి పోతదని తిప్పిండ్రు.”

ఆ ఊళ్ళో ఏ ఇంటికీ మరుగుదొడ్డి లేదు. ఆడవాళ్ళంతా చీకటి పడ్డాకే చెరువు వైపు వెళ్ళేవాళ్ళు. పటేల్ పెళ్ళామూ వెళ్ళేది. గుర్తుందా అని రజిని తనను తాను ప్రశ్నించుకుంది. ఏమీ గుర్తు లేదు. బెల్లం తీపి కూడా గుర్తు లేదు. తల్లిని చూసి తను సిగ్గుపడిన ఏళ్ళన్నీ, తల్లి తన కోసం నోరు విప్పని ఏళ్ళేనని మాత్రం అర్థమైంది.

వర్ష తిరిగి వచ్చింది. “మమ్మీ, నువ్వు కెమెరా పట్టుకో. నేను అమ్మమ్మ పక్కన కూర్చుంటా. లాస్ట్ క్వశ్చన్.” రజిని లేచి కెమెరా అందుకుంది.

“అమ్మమ్మా, ఇక్కడికి వచ్చేవాళ్ళకి నువ్వేం చెప్తావ్?”

నాగమణి కెమెరా వైపు తిరిగింది. “ఆ నాలుగేండ్ల పిల్లది తప్పేం లేదు. పసిపిల్లకేం ఎరుక? అడిగినోళ్ళది తప్పు. వాళ్ళమ్మకు ఆ పిల్ల మీద ఎన్నడు కోపం రాలే. ఒక్కనాడు రాలే. గా మాట ఆ పిల్లకు ఎవ్వలన్న చెప్పాల్సుండె.”

“డొరొతీ గురించేనా అమ్మమ్మా?”

“ఆఁ, ఆ పిల్ల గురించే” అంది నాగమణి, కెమెరా మీంచి చూపు తిప్పకుండా.

కెమెరా చిన్న తెర మీద తల్లి మొహం రజిని కళ్ళకు మసకబారింది.

“మమ్మీ, షేక్ అవుతోంది, గట్టిగా పట్టుకో” అంది వర్ష. రజిని కెమెరాను రెండు చేతులతో పట్టుకుంది.