ఫ్లెక్సీలో రాహేలు

రాహేలు పెరట్లో చేపలు తోముతుంటే మొగుడు దైవాధీనం ఫోను తెచ్చి ముఖం ముందు పెట్టాడు.

"చూడు, కోడూరు సెంటర్లో ఎంత పెద్ద ఫ్లెక్సీ వేశారో!"

అందులో ఎన్నికల్లో నిలబడ్డ జనార్దనరావు గారు నవ్వుతున్నారు. ఆయన పక్కన చేతులు జోడించి, మెడలో పార్టీ కండువాతో తను. ఆ కండువా రాహేలు ఎన్నడూ వేసుకోలేదు. ఫొటోకి అతికించారు.

"నన్నెవరడిగారు?"

"నేను సరేనన్నాగా. సాయంత్రం సభకి కారొస్తుంది. నువ్వేం మాట్లాడక్కర్లేదు, స్టేజీ మీద కూర్చుంటే చాలు. సొసైటీలో నాకు పదవిస్తామన్నారు."

రాహేలు చేతులు ఆగిపోయాయి. రొయ్యల చెరువులొచ్చి ఊళ్లో బోర్లన్నీ ఉప్పుకషాయమైతే పక్కూరి నుంచి బిందెలు మోసింది ఆడవాళ్లు. కొత్త చెరువు తవ్వే పొక్లెయిన్‌కి అడ్డం పడుకున్నదీ వాళ్లే. తనని స్టేషన్లో కూర్చోబెట్టిన రోజు ఈ మనిషే, "నా పరువు తీశావు. ఇంట్లో వంటెవరు చేస్తారు?" అన్నాడు. వదిలిపెట్టాక వచ్చి తనే వండింది. ఆనాడు జనార్దనరావు గారు ఇటువైపు తొంగైనా చూడలేదు. ఎందుకు చూస్తారు? ఆయన బావమరిది శోభనాద్రి చెరువు నుంచి ఈ రోజుకీ ఉప్పునీళ్లు మంచినీళ్ల కాలవలోకే తోడుతున్నారు. ఇప్పుడు ఎన్నికలొచ్చాయి గనక తన ముఖం కావాల్సొచ్చింది. ముఖం చాలు, నోరు వద్దు.

సాయంత్రం జనార్దనరావే కారు దిగాడు. చేతిలో కండువా.

"టైమైంది చెల్లెమ్మా, ఎక్కు."

"నేను రానండి. ఆ ఫ్లెక్సీలో నా బొమ్మ తీయించండి. రేపు పొద్దున్నే శోభనాద్రి గారి చెరువు గట్టు మీద కూర్చుంటాం. మీరొస్తే మా పక్కన చోటిస్తాం."

ఆయన నవ్వు సడలింది. "అది మా ఫ్యామిలీ మేటరమ్మా..."

"తాగేనీళ్లు మాకూ ఫ్యామిలీ మేటరేనండి."

కారు వెళ్లిపోయింది. "నా నోటికాడ కూడు పడగొట్టావు!" అని దైవాధీనం అరుస్తూనే ఉన్నాడు. రాహేలు చెప్పులేసుకుని, ఆడవాళ్లకి కబురు చెప్పడానికి వీధిలోకి నడిచింది.

తెల్లారేసరికి గట్టు నిండా ఆడవాళ్లే. చెరువు మనుషులు కేకలేశారు, పోలీసుల్ని పిలుస్తామన్నారు. ఒక్కరూ లేవలేదు. ఎండ నడినెత్తికొచ్చాక, ఎన్నికల ముందు రచ్చెందుకనుకున్నాడేమో, శోభనాద్రే వచ్చి పంపు ఆపించాడు. వెళ్లబోతూ రాహేలు ముందు ఆగి, "ఇంతకీ ఏ పార్టీ పంపింది నిన్ను?" అన్నాడు.

"నన్నెవరూ పంపలేదండి. నేనే వచ్చాను."