బ్రేకు తొక్కితే వణుకు

ఆళ్లగడ్డలో శనగల వ్యాపారం చేసే భాస్కరయ్యకు ఒక అంబాసిడర్ కారు ఉండేది. దాన్ని కొన్న రోజు నుంచీ డ్రైవర్ రాజరత్నమే తోలేవాడు. భాస్కరయ్యకు కారు తోలడం నేర్పింది కూడా అతనే. అయినా శెట్టికి వెనక సీటే హాయి.

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో, వానలు వెనకబడుతున్న రోజుల్లో, నంద్యాల దారిలో గొర్రెల మంద అడ్డమొస్తే రాజరత్నం బ్రేకు తొక్కాడు. స్టీరింగు మీద చేతులు వణికాయి. మంద దాటిపోయాక చూసుకుంటే మామూలుగానే ఉన్నాయి. మర్నాడు బ్రేకు తొక్కితే మళ్లీ వణికాయి.

ఇంకెవరి చేతులైనా వణికితే ముందు బండినే అనుమానించేవాడు. కానీ అతని మనసు తండ్రి మీదికి పోయింది. తండ్రి సుందరరాజు మిషన్ బంగళాలో తోటమాలిగా ఉండేవాడు. యాభై దాటాక అతని చేతులకు వణుకు పట్టుకుంది. మొదట్లో పార పట్టి బలం పెట్టినప్పుడే వచ్చేది. పోను పోను గంజి గ్లాసు కూడా నోటిదాకా పోయేది కాదు. రాజరత్నానికి ఇప్పుడు యాభై రెండు.

ఎవరికీ చెప్పలేదు. భార్య శాంతమ్మకు కూడా. బ్రేకు తొక్కే పని తగ్గించుకోవడానికి దూరం నుంచే గేరు తగ్గించేవాడు. ఆదివారం చర్చిలో పాటల పుస్తకం పట్టుకున్నప్పుడు పాట మీద కాక వేళ్ల మీదే చూపు ఉండేది. అవి కదిలేవి కావు. ఇంకా ముదరలేదు, అంతే, అనుకునేవాడు.

ఒక పొద్దున ఇద్దరూ నంద్యాలకు బయలుదేరారు. శిరివెళ్ల దాటాక భాస్కరయ్య ముందుకు వంగాడు.

"ఏందప్పా, ఎద్దులబండి మాదిరి పోతాండావ్? ఒంట్లో బాగలేదా?"

రాజరత్నం కారు పక్కకు తీసి ఆపాడు. వెనక్కి తిరగకుండానే చెప్పాడు.

"శెట్టిగారూ, ఇంకో డ్రైవర్ని చూసుకోండి. బ్రేకు తొక్కితే నా చేతులు వణుకుతాండాయి. మా నాయనకొచ్చిన జబ్బే నాకూ వచ్చింది. మీరు, పిల్లోళ్లు ఎక్కే బండి. నాకు భయంగా ఉండాది."

సుందరరాజు చివరి రోజులు భాస్కరయ్యకూ తెలుసు. తలుపు తీసుకుని దిగాడు.

"నువ్వు ఇట్ల జరుగు. ఇయ్యాల నేను తోల్తా."

తోలడం మరిచిపోయినవాడిలా గేర్లు గరగరలాడించాడు. కొంత దూరం పోయాక బండి వేగం అందుకుంది. ముందు ఒక బస్సు ఆగింది. భాస్కరయ్య బ్రేకు తొక్కాడు. బస్సు కదిలింది గానీ అతను కదలలేదు. స్టీరింగు మీద తన చేతుల వైపే చూస్తున్నాడు.

"రాజరత్నం, నాకూ వణుకుతాండాయి కదా. నాకూ మీ నాయన జబ్బేనా?"

రాజరత్నం చెయ్యి చాపి స్టీరింగు పట్టుకున్నాడు. "ఇంకోసారి పోనిచ్చి తొక్కండి," అన్నాడు. స్టీరింగు అతని అరచేతిలో అటూ ఇటూ కొట్టుకుంది. వణుకుతున్నది చేతులు కాదు, బండే.

నంద్యాలలో మెకానిక్ మద్దిలేటి కారును ఊరి బయటికి తోలాడు. పెడలు తొక్కితే స్టీరింగు వణికింది. హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగితే వణకలేదు.

"హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలనే పట్టేది. తప్పు ముందర ఉండాది," అన్నాడు.

షెడ్డుకొచ్చి ముందు చక్రం జాకీ మీద లేపి, బ్రేకు కొంచెం బిగించి చేత్తో తిప్పాడు. చుట్టంతా వదులుగా తిరిగిన చక్రం ఒక్కచోట మాత్రం పట్టేసింది. రెండో వైపూ అదే తీరు.

"బ్రేకు డ్రమ్ములు గుండ్రం తప్పినాయి. వేడెక్కిన బ్రేకులతో నీళ్లలో యాడన్నా దిగినావా అన్నా?"

రాజరత్నం ఆలోచించాడు. వానాకాలంలో గిద్దలూరు నుంచి వస్తూ, ఘాట్ రోడ్డంతా బ్రేకు మీదే దిగి, కింద రోడ్డు మీద పారుతున్న వాగులోకి నేరుగా పోనిచ్చాడు.

"దిగినా," అన్నాడు.

డ్రమ్ములు లేత్ మిషన్ మీదికి పోయాయి. లోపలి వైపు సన్నగా చెక్కుతుంటే మొదట ఒక పక్కే ఇనుము మెరిసింది. ఇంకాస్త చెక్కాక మెరుపు చుట్టూ కలిసింది. మధ్యాహ్నానికి మద్దిలేటి అన్నీ బిగించి, చక్రాల నట్లు సమంగా పట్టేలా ఎదురెదురుగా తిప్పి, తాళాలు రాజరత్నం చేతికిచ్చాడు.

నంద్యాల దాటాక రాజరత్నం బండిని వేగం మీదికి తెచ్చి బ్రేకు తొక్కాడు. కారు చప్పుడు లేకుండా ఆగింది. స్టీరింగు చేతుల్లో కదలకుండా ఉంది. భాస్కరయ్య ముందు సీట్లోనే కూర్చున్నాడు.

"ఇంగ చాలా?"

రాజరత్నం తలూపాడు. సంతోషం రావాల్సినంత రాలేదు. గంజి ఒలికినప్పుడల్లా తండ్రి తలదించుకుని తుడుచుకోవడం కళ్లలో మెదిలింది. నాయనా, యాడ మొదలైంది, ఎట్లుంటాది అని తను ఏనాడూ అడగలేదు. అడిగే మనిషి లేక ఆయన కూడా ఇట్లనే ఒంటరిగా తన చేతులు తాను చూసుకుని ఉంటాడు.

ఇంటికి పోయి జరిగిందంతా శాంతమ్మకు చెప్పాడు. ఆమె చేటలో బియ్యం ఏరుతూ విన్నది.

"నీళ్ల చెంబు పట్టుకుని దినామూ చేతులు చూసుకుంటాంటివి. ఏందో ఉందని తెలుసు. చెప్తావని చూస్తాంటి."

"చెప్తే నువ్వు దిగులు పడతావని."

"చెప్పకపోతే పడలేదా?" అన్నది ఆమె, తల ఎత్తకుండా.

అతను చేట అవతల కూర్చుని, తనూ రాళ్లు ఏరడం మొదలుపెట్టాడు.